బాదెన్

సాల్మియాలో ఏడో అంతస్తు.
ఉమ్ ఫలాహ్‌కి కండ్లు పోయి నాలుగేండ్లు.
టీవీ మాత్రం ఆర్పనీదు.
"బెంచలా, చెప్పు" అంటాది.
ఆమె నోట్లో 'ప' పలకదు,
ఈ ఇంట్లో నేను పెంచలమ్మను కాను.

రాత్రి తొమ్మిదికి, మందులేసినాక,
తెర మీద ఏం జరుగుతాండాదో అరబ్బీలో చెప్పాల.
నా అరబ్బీ వంటింటిది.
ఉప్పు, చీపురు, ఇస్త్రీ, రేపు, లేదు, అయిపోయింది.
వాటితోనే సినిమా చెప్పాల.

మొదట్లో ఉరుకులాడేదాన్ని.
వాడు వచ్చె. తలుపు తీసె. ఆమె ఏడ్చె.
ముక్కకీ ముక్కకీ నడుమ నాకుండేది ఒకటే మాట, బాదెన్.
తర్వాత. తర్వాత. తర్వాత.
తలుపు మీద చెయ్యి, బాదెన్, ఓడ.
నవ్వుతాండే పిల్ల, బాదెన్,
ఆ పిల్ల గౌనే, ఆరేసిన తీగ మీద.
రెండిటి నడుమ ఎవురూ ఏమీ చూపీలేదు.
అయినా ముసలామె చెయ్యి గుండె మీదికి పోయె.
"సచ్చిపోయిందా?"
నేను ఆ మాట అన్లేదు. బొమ్మ కూడా అన్లేదు.
మరి ఎవురన్నారు?

గిన్నెలు తోముతా అదే ఆలోచన.
గౌను ముందు చెప్పి, నవ్వు వెనక చెప్పింటే?
మతిమరుపు ఆమెది. నెల తిరక్కముందే
అదే బొమ్మ మళ్ళా వేసిరి.
చూద్దామని తిప్పి చెప్పినా.
పిల్ల బతికింది.
ఉమ్ ఫలాహ్ కర్జూరం నోట్లో ఏసుకోని
హమ్దుల్లా అనె.
ఆ రాత్రి నాకు చానా సేపు నిద్ర పట్టలే.

ఇంగో బొమ్మలో ఒకామె బెంచీ మీద కూచుంది.
"చెప్పు."
కూచోనుంది.
"బాదెన్?"
కూచోనుంది.
"ఇంగా?"
రైలు లేదు, మనిషి లేడు,
గాలికి చున్నీ అంచైనా కదల్లేదు.
తీసినోడు నిద్రపోయినాడేమో అనుకుంటి.
చెప్పను మాట లేక ఆమె చెయ్యి పట్టుకున్నా.
తెర మారిందాకా పట్టుకోని, మారినాక వదిలినా.
మళ్ళా బెంచీ వచ్చె. మళ్ళా పట్టుకుంటి, అంతసేపూ.
మూడోసారి చెయ్యి తగలంగానే
ముసలామే అనె,
"ఆయప్ప రాడు."

గతం వస్తే కష్టం నాకు.
తెర అదే, గది అదే,
మనిషి మాత్రం ఉన్నట్టుండి నల్లజుట్టుతో నిలబడింటాడు.
బాదెన్ అంటే తప్పు. గబిల్ అనాల, ముందు.
అది ముసలామే నేర్పింది,
నా మోకాటి మీద రెండు వేళ్ళు వెనక్కి నడిపిచ్చి.

శుక్రవారం మాలియాలో మనోళ్ళు కలుస్తారు.
చిట్వేలి రెడ్డెమ్మ అడిగె, ఏం బొమ్మ చూస్తివి, కత ఏంది?
చెప్పబోతే రెండు మాటల్లో అయిపాయ.
ఒకామె కూచోనుంటాది. వాడు రాడు.
"అంతేనా?" అనె, పల్లీలు ఒలుచుకుంటా.
అంతే కాదు.
ఆమె చెయ్యి పట్టుకోవాల్సింది నేను.
పట్టుకోలే. చేతులో సంచులుండాయి,
బస్సు వచ్చేసె.

మొన్న దుమ్ముగాలికి డిష్ పాయ.
తెర నల్లగా.
"బెంచలా, మీ ఊరు చెప్పు. బొమ్మ మాదిరి."
యాడ మొదులు పెట్టేది?
విమానం కాడ పెడితే నా మింద జాలి పుడతాది.
పెండ్లి కాడ పెడితే ఇంగొకరి మింద కోపం.
కోడూరు మామిడి మండీలో పెట్టినా.
కాటా. ముల్లు ఊగుతాండాది.
"బాదెన్?"
ఒక మొగోని బొటనేలు, తట్ట కింద, ఒత్తుతాండాది.
"బాదెన్?"
ఆ బొటనేలికీ ఈ సోఫాకీ నడుమ పదకొండేండ్లు.
ఏది కొయ్యాల, దేన్ని ఎంత సేపు నిలపాల.
నోరు పెగల్లే.
కిటికీ అద్దానికి ఇసక కొడతాండాది.
ముసలామె మళ్ళా అడగలే.
తడుముకుంటా వచ్చె ఆమె చెయ్యి, నా చెయ్యి మీదికి.
వదల్లే.
ముల్లు ఇంగా ఊగుతాండాది.